పడుగు మనది, పేక పిల్లలది

విద్యార్థులారా! సోలాపూర్ పట్టణంలోని నీలం నగర్ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అది నేత పనివారు నివసించే పేట. మరమగ్గాల చప్పుడు అక్కడి పిల్లలకు కొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దం నుండి తెలంగాణ జిల్లాల పద్మశాలీలు పని వెతుక్కుంటూ సోలాపూరుకు వలస వచ్చారు. వచ్చేటప్పుడు తమ పనితనాన్నే కాక తమ మాటను కూడా వెంట తెచ్చుకున్నారు. అందుచేత అక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో మరాఠీ మాట్లాడతారు.

నేతపని చూసినవారందరికీ ఒక సంగతి తెలుసు. మగ్గం మీద ముందుగా నిలువు దారాలను బిగించి కడతారు. వాటిని పడుగు అంటారు. ఆ తరువాత నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ అడ్డదారాన్ని నింపుతుంది. దానిని పేక అంటారు. పడుగు ఎంత చక్కగా ఉన్నా అదొక్కటే బట్ట కాదు. పడుగు లేనిదే పేక నిలవదు. రెండూ కలిస్తేనే దుప్పటి అవుతుంది, తువాలు అవుతుంది.

ఈ పాఠంలో మనం మరొక రకమైన పడుగును గురించి తెలుసుకుందాం. అది దారంతో తయారయ్యేది కాదు, కంప్యూటర్ తెర మీద తయారయ్యేది. చిన్న తరగతుల పిల్లలు తమ మాటలతో, తమ బొమ్మలతో నింపుకోవడానికి వీలుగా పెద్ద తరగతులవారో, ఉపాధ్యాయులో ముందుగా సిద్ధం చేసి ఇచ్చే స్లైడులే అవి. వాటిని మూస స్లైడులు అని పిలుచుకుందాం.

మూస అంటే ఏమిటి?

ఇటుకలు కోసేవారి దగ్గర చెక్కతో చేసిన మూస ఉంటుంది. దానిలో మట్టి నింపి తీస్తే ఇటుక ఆకారం వస్తుంది. కంప్యూటర్ పనిలో ఇటువంటి దానినే టెంప్లేట్ అంటారు. మరాఠీలో మూసను 'సాచా' అంటారు. సిరిసిల్ల ప్రాంతపు నేతగాళ్లు మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. ఈ రెండు మాటలు వినడానికి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి.

అయితే ఇటుక మూసకూ పిల్లలకిచ్చే మూసకూ ఒక పెద్ద భేదం ఉంది. ఇటుక మూసలో నుండి వచ్చే ఇటుకలన్నీ ఒక్కలాగే ఉండాలి. ఒకటి వంకరగా వస్తే దానిని పక్కన పడవేస్తారు. పిల్లలకిచ్చే మూస అలా కాదు. నలభైమంది పిల్లలు నింపితే నలభై వేరువేరు పుటలు రావాలి. అందరివీ ఒకే విధంగా వచ్చాయంటే లోపం పిల్లలలో లేదు, మూసలోనే ఉంది. అందుకే దానిని ఇటుక మూసతో కన్నా పడుగుతో పోల్చడం మంచిది.

చూపే స్లైడు, నింపే స్లైడు

స్లైడు అనే మాట కంప్యూటర్ కన్నా ఎంతో పాతది. వెనుకటి రోజుల్లో గాజు పలకల మీద రంగులతో బొమ్మలు గీసి, దీపపు వెలుగుతో వాటిని తెర మీద పెద్దవిగా చూపేవారు. ఆ గాజు పలకలే మొదటి స్లైడులు. మన మహారాష్ట్రలో కల్యాణ్ పట్టణానికి చెందిన మహాదేవ్ పట్వర్ధన్ 1892లో 'శాంబరిక్ ఖరోలికా' అనే పేరుతో ఇటువంటి ప్రదర్శనలు ప్రారంభించాడు. చేతితో చిత్రించిన గాజు పలకలు వేగంగా మార్చి, తెర మీది బొమ్మలు కదులుతున్నట్లు భ్రమ కలిగించేవారు.

కంప్యూటర్ వచ్చిన తరువాత గాజు పలకలతో పని లేకుండా పోయింది. 1987లో అమెరికాలోని ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థ పవర్ పాయింట్ అనే ప్రోగ్రామును విడుదల చేసింది. దాని రూపకల్పనకు రాబర్ట్ గాస్కిన్స్ నాయకత్వం వహించగా, డెన్నిస్ ఆస్టిన్ ముఖ్య రచయితగా పని చేశాడు. అదే సంవత్సరంలో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని కొనుగోలు చేసింది. ఈనాడు ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్, గూగుల్ స్లైడ్స్ వంటివి కూడా ఈ పని చేస్తాయి.

ఇవన్నీ మొదట చూపడానికి పుట్టినవి. ఒకరు ముందు నిలబడి మాట్లాడుతుంటే మిగిలినవారు కూర్చుని చూస్తారు. కాని చిన్నపిల్లలు చూసినదాని కన్నా చేసినదానిని ఎక్కువగా గుర్తుంచుకుంటారు. తెర మీది పుటలో కొంత భాగం ఖాళీగా ఉంచి, 'ఇది నీ వంతు' అని చెబితే పిల్లవాడు లేచి దగ్గరకు వస్తాడు. చూపే స్లైడుకూ నింపే స్లైడుకూ ఉన్న తేడా ఇదే.

ఖాళీ ఎటువంటిది కావాలి?

ఖాళీ ఉంచినంత మాత్రాన మూస మంచిదైపోదు. ఆ ఖాళీ ఎటువంటిదో ఆలోచించాలి.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1953లో ఒకనాడు తన కూతురి తరగతికి వెళ్లి లెక్కల పాఠం చూశాడు. పిల్లలు లెక్క చేశారు గాని, అది ఒప్పో తప్పో వారికి వెంటనే తెలియడం లేదు. త్వరగా చేసినవారు ఖాళీగా కూర్చున్నారు. రానివారు అక్కడే ఆగిపోయారు. ఇది చూసి అతడు ఒక బోధన యంత్రాన్ని తయారు చేసి 1954లో ప్రదర్శించాడు. అందులో ఒకసారికి ఒకే ప్రశ్న కనిపిస్తుంది. ప్రశ్నలో ఒక ఖాళీ ఉంటుంది. పిల్లవాడు జవాబు ఇచ్చిన తరువాత అది సరైనదో కాదో వెంటనే తెలుస్తుంది. ఎవరి వేగాన్ని బట్టి వారు ముందుకు సాగవచ్చు. ఇది గొప్ప మేలు. కాని ఆ ఖాళీలో రావలసిన జవాబును యంత్రం చేసినవారు ముందే నిర్ణయించారు. పిల్లవాడు తన సొంత మాట అందులో చేర్చడానికి చోటు లేదు.

మగ్గాలలోనూ ఇటువంటిది ఒకటి ఉంది. ఫ్రాన్సు దేశానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రూపొందించిన సాధనం మగ్గం పైన అమరుతుంది. రంధ్రాలు చేసిన అట్టలు వరుసగా దాని గుండా పోతుంటాయి. రంధ్రం ఉన్నచోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. సోలాపూర్ దుప్పటి మీద కనిపించే పువ్వులు, లతలు ఇలా వచ్చినవే. దుప్పట్లకు ఈ పద్ధతి ఎంతో అందాన్నిచ్చింది. కాని పువ్వు ఏదో అట్ట ముందే నిర్ణయిస్తుంది. పేక దారం దానిని మార్చలేదు.

పిల్లలకిచ్చే మూసలో రెండు రకాల ఖాళీలూ ఉండాలి. ఒకే జవాబు ఉన్న ఖాళీ జ్ఞాపకాన్ని పరీక్షిస్తుంది. ఎవరి జవాబు వారిదైన ఖాళీ ఆలోచనను మేల్కొలుపుతుంది. మొదటి రకం కొద్దిగా, రెండవ రకం ఎక్కువగా ఉంటే మూస బాగుంటుంది.

ఒక ఉదాహరణ

నీలం నగర్‌లో ఎనిమిదో తరగతి విద్యార్థులు రెండో తరగతి పిల్లల కోసం ఒక మూస తయారు చేయదలిచారని అనుకుందాం. మగ్గాల పేట కాబట్టి 'మా ఇంటి మగ్గం' అని పేరు పెట్టారు. మొదటి స్లైడులో మగ్గం బొమ్మ వేశారు. అంతలో వారిలో ఒక అమ్మాయి, "మా ఇంట్లో మగ్గం లేదు కదా! మా అమ్మ బీడీలు చుడుతుంది. మా చెల్లెలు ఇందులో ఏం రాయాలి?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. సోలాపూర్ తెలుగు కుటుంబాలలో ఎందరో స్త్రీలు బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారు. కొందరు బట్టలు కుడతారు, కొందరు చిన్న దుకాణం పెట్టుకుంటారు. 'మా ఇంటి మగ్గం' అనే పేరు వారి పిల్లలను మొదటి పుటలోనే బయట నిలబెడుతుంది. అందుకని పేరును 'మా ఇంటి పని' అని మార్చారు. ఒక్క మాట మారింది. దానితో తరగతిలోని ప్రతి పిల్లవాడికీ లోపల చోటు దొరికింది.

తరువాత వారు కంప్యూటర్ ముట్టుకోకుండానే ఆరు కాగితాలు తీసుకుని, ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క స్లైడును పెన్సిలుతో గీశారు. ఒక స్లైడులో ఒకే పని ఉండాలని నియమం పెట్టుకున్నారు.

మొదటి స్లైడు: 'నా పేరు', 'నా తరగతి' అనే రెండు గీతలు, పిల్లవాడు తన బొమ్మ పెట్టుకోవడానికి ఒక గడి.

రెండవ స్లైడు: 'మా ఇంట్లో చేసే పని' అనే ఒక వాక్యం, దాని కింద పెద్ద ఖాళీ.

మూడవ స్లైడు: నాడె, కండె, రాట్నం, కత్తెర, చాట, కుట్టుమిషను, తక్కెడ బొమ్మలు ఒక పక్కన ఉంటాయి. మరొక పక్కన ఇంటి బొమ్మ ఉంటుంది. 'మీ ఇంట్లో ఉన్నవాటిని ఇంట్లోకి లాగు' అని రాసి ఉంటుంది.

నాలుగవ స్లైడు: ఒక పనిముట్టు పేరు రాయడానికి మూడు గడులు. మొదటి గడిపై 'ఇంట్లో ఏమంటారు?', రెండవ దానిపై 'పుస్తకంలో ఏమంటారు?', మూడవ దానిపై 'మరాఠీలో ఏమంటారు?' అని ఉంటుంది. ఒకరు 'సాంచా, మరమగ్గం, యంత్రమాగ్' అని రాయవచ్చు. మరొకరు 'నాడె, నాడె, ధోటా' అని రాయవచ్చు.

ఐదవ స్లైడు: 'మీ చిన్నప్పుడు ఈ పని ఎలా చేసేవారు? అని నానమ్మనో తాతనో అడిగి, వారు చెప్పిన ఒక్క మాట రాయి.'

ఆరవ స్లైడు: 'మగ్గం మీద ముందుగా కట్టే నిలువు దారాన్ని ఏమంటారు?' అనే ప్రశ్న, దాని కింద పడుగు, పేక అనే రెండు మీటలు.

ఈ ఆరింటిలో ముందే నిర్ణయమైన జవాబు కోరేది ఆరవది ఒక్కటే. మిగిలిన వాటిలో పిల్లవాడే రచయిత.

తెర మీద తయారీ

కాగితం మీద పని పూర్తయిన తరువాతనే కంప్యూటర్ దగ్గరకు వెళ్లాలి. ఇక్కడ కొన్ని మెలకువలు తెలుసుకోవడం అవసరం.

మొదటి మెలకువ, కదలకూడని వాటిని కదలకుండా ఉంచడం. చిన్నపిల్లలు మౌసు పట్టుకుంటే శీర్షికను, గీతలను, గడులను కూడా పొరపాటున లాగివేస్తారు. దీనిని అరికట్టడానికి స్లైడ్ మాస్టర్ అనే ఏర్పాటు ఉంది. పవర్ పాయింట్‌లో వ్యూ అనే జాబితాలో అది కనిపిస్తుంది. గూగుల్ స్లైడ్స్‌లో ఎడిట్ థీమ్ అనే పేరుతో ఉంటుంది. అక్కడ గీసిన గీతలు, పెట్టిన బొమ్మలు మామూలు పుటలో కనిపిస్తాయి గాని చేతికి చిక్కవు. మగ్గానికి కట్టిన పడుగు లాంటివి అవి. పిల్లవాడు కదిలించవలసిన వాటిని మాత్రమే మామూలు పుటలో పెట్టాలి.

రెండవ మెలకువ ఖాళీని గురించినది. చాలామంది ఖాళీ కోసం చిన్న చిన్న అడ్డగీతలను వరుసగా టైపు చేస్తారు. పిల్లవాడు అక్కడ అక్షరాలు కొట్టగానే ఆ గీతలు పక్కకు జరిగి వాక్యమంతా చెదిరిపోతుంది. అందుచేత గీతను మాస్టర్‌లో గీసి, దాని పైన రాసుకునే గడిని అమర్చాలి. పవర్ పాయింట్ మాస్టర్‌లో ప్లేస్‌హోల్డర్ అనే గడిని పెట్టి, అందులో 'ఇక్కడ నీ పేరు రాయి' అని సూచన రాయవచ్చు. పిల్లవాడు రాయడం ప్రారంభించగానే ఆ సూచన దానంతట అదే మాయమవుతుంది. బొమ్మ కోసం కూడా ఇటువంటి గడి ఉంది.

మూడవ మెలకువ తెలుగు అక్షరాలకు సంబంధించినది. మన లిపిలో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. వరుసల మధ్య కొంచెం ఎక్కువ చోటు ఉంచాలి. అక్షరాల పరిమాణం 28కి తగ్గకుండా ఉంటే చిన్నపిల్లలకు హాయిగా కనిపిస్తుంది. 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటలు రాసి, వత్తులు తెగిపోకుండా వస్తున్నాయో లేదో చూసుకోవాలి. యూనికోడ్ పద్ధతిలోనే రాయాలి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. ఆ పద్ధతిలో రాసినది ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది. పాత పద్ధతి అక్షరాలతో రాస్తే, ఆ అక్షరాలు లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి.

నాలుగవ మెలకువ, ఇంకా చదవడం రాని పిల్లలకు సాయపడడం. రెండో తరగతిలో అందరూ సూచనలను చదవలేరు. ప్రతి స్లైడులోనూ ప్రశ్నను మన గొంతుతో చదివి, ఆ ధ్వనిని చేర్చవచ్చు. స్పీకరు బొమ్మను నొక్కగానే ప్రశ్న వినిపిస్తుంది. తెలుగు టైపు చేయడం కూడా చిన్నవారికి కష్టమే. అందుకని కొన్ని మాటలను చీటీల వలె చేసి పక్కన ఉంచితే, వాటిని లాగి గడిలో పెట్టుకుంటారు. అయితే చీటీలతోనే సరిపెట్టకూడదు. చీటీలలో లేని మాట రాయడానికి ఒక ఖాళీ చీటీ కూడా ఉంచాలి.

ఐదవ మెలకువ చాలామందికి తెలియనిది. స్లైడులు రెండు స్థితులలో ఉంటాయి. ఒకటి కూర్చే స్థితి, రెండవది ప్రదర్శన స్థితి. బొమ్మలను లాగడం, గడులలో రాయడం కూర్చే స్థితిలోనే వీలవుతుంది. మీటను నొక్కితే మరొక స్లైడుకు పోవడం ప్రదర్శన స్థితిలో జరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే దస్త్రంలో కలిపితే పిల్లలు తికమకపడతారు. అందుచేత మన ఉదాహరణలోని మొదటి ఐదు స్లైడులను ఒక దస్త్రంగాను, ఆరవ దానిని వేరొక దస్త్రంగాను చేయడం మంచిది.

ఆ ఆరవ స్లైడులో 'పడుగు' అనే మీటకు ఒక స్లైడును, 'పేక' అనే మీటకు మరొక స్లైడును లంకెగా కలపాలి. పుటలో ఎక్కడ నొక్కినా ముందుకు పోయే అలవాటు స్లైడులకు ఉంటుంది. ట్రాన్సిషన్స్ అనే జాబితాలో మౌసు నొక్కుకు సంబంధించిన గుర్తును తీసివేస్తే ఆ అలవాటు పోతుంది. అప్పుడు మీట నొక్కితేనే పుట మారుతుంది. తప్పు జవాబు ఇచ్చిన పిల్లవాడికి ఏడుపు ముఖం చూపకూడదు. మగ్గం బొమ్మ చూపి, నిలువు దారాల మీద రంగు వేసి, 'ఇవి ముందుగా కట్టినవి. మళ్లీ ఆలోచించు' అని రాసి, వెనుకకు పోయే మీట ఉంచాలి. తప్పు చేసినవాడికే ఎక్కువ సాయం అందాలి.

అన్నీ పూర్తయిన తరువాత దస్త్రాన్ని టెంప్లేట్ రకంగా భద్రపరచాలి. అలా చేస్తే దానిని తెరిచిన ప్రతిసారీ కొత్త ప్రతి వస్తుంది, అసలు మూస చెక్కుచెదరదు. గూగుల్ స్లైడ్స్‌లోనైతే లంకె చివర ఉండే 'ఎడిట్' అనే మాట నుండి మిగిలినదంతా తీసి, ఆ చోట ఇంగ్లీషు అక్షరాలలో 'కాపీ' అని రాసి పంపాలి. అప్పుడు తెరిచిన ప్రతి ఒక్కరికీ సొంత ప్రతి చేసుకోమని అడుగుతుంది. ఈ జాగ్రత్త తీసుకోకపోతే నలభైమంది ఒకే పుటలో రాసి, ఒకరి పని ఒకరు చెరిపివేస్తారు.

పరీక్షించి చూడడం

కొత్త మగ్గం మీద ముందు కొద్దిగా నేసి చూసుకోవడం మంచి పద్ధతి. మూసను కూడా తరగతి అంతటికీ ఇచ్చే ముందు ఒకరిద్దరు పిల్లలచేత నింపించి చూడాలి. అప్పుడు తయారు చేసినవారు చేతులు కట్టుకుని, నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి. ఇది అన్నింటికన్నా కష్టమైన పని. 'అక్కడ నొక్కు', 'ఇలా రాయి' అని చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పకూడదు. పిల్లవాడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ అటూ ఇటూ చూశాడో కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. అతడు ఆగిన ప్రతిచోటా మన లోపం ఒకటి ఉంటుంది.

'వివరింపుము' అని రాసినచోట ఆగితే 'చెప్పు' అని మార్చాలి. ఒక్క మాట రాసి ఊరుకుంటే గడి ఎంత ఉందో చూడాలి. గడి రెండు వేళ్ల వెడల్పు ఉంటే జవాబు కూడా అంతే ఉండాలని పిల్లలు అనుకుంటారు. గడి పెద్దదైతే జవాబు కూడా పెరుగుతుంది. ఎరుపు అంటే తప్పు, ఆకుపచ్చ అంటే ఒప్పు అని రంగులతోనే చెప్పకూడదు. ఆ రెండు రంగుల భేదం తెలియని కళ్లు కొందరికి ఉంటాయి. రంగుతో పాటు మాట కూడా ఉంచాలి.

కంప్యూటర్ ఒక్కటే ఉంటే?

ప్రతి పాఠశాలలోనూ పిల్లవాడికొక కంప్యూటర్ ఉండదు. అంతమాత్రాన ఈ పని ఆగనక్కరలేదు. అవే స్లైడులను పుటకు రెండు చొప్పున అచ్చు వేసి ఇవ్వవచ్చు. లాగవలసిన బొమ్మలను కత్తిరించి అంటించుకుంటారు. ముందు అందరూ కాగితం మీద నింపి, తరువాత ఐదుగురు చొప్పున వచ్చి తెర మీద నింపితే ఎవరూ ఖాళీగా కూర్చోరు. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా బడులు మూసినప్పుడు పాఠాలు ఫోనుల మీదికి వచ్చాయి. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉన్న కుటుంబాలు ఎంతో ఇబ్బంది పడ్డాయి. ఫోనుకు పంపవలసి వస్తే బొమ్మల పరిమాణం తగ్గించి, దస్త్రాన్ని తేలికగా చేయాలి. పిల్లల పేర్లు, ఫోటోలు ఉన్న పుటలను తరగతి దాటి బయటివారికి పంపకూడదు.

ఇంటి మాటకు చోటు

ఇంత శ్రమ ఎందుకు, అచ్చయిన పుస్తకం ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. దీనికి మన సోలాపూర్ జిల్లాలోనే ఒక సమాధానం ఉంది. మాఢా తాలూకాలోని పరితేవాడి అనే చిన్న గ్రామపు జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాలలో 2009లో రంజిత్‌సింహ్ డిసలే అనే ఉపాధ్యాయుడు చేరాడు. అక్కడి పిల్లల ఇంటి భాష కన్నడం. పాఠ్యపుస్తకం ఆ భాషలో లేదు. అతడు కన్నడం నేర్చుకున్నాడు. పుస్తకాలలోని విషయాన్ని పిల్లల భాషలోకి మార్చాడు. పుటల మీద క్యూఆర్ సంకేతాలు ముద్రించి, వాటి ద్వారా కవితలు, దృశ్యపాఠాలు, కథలు పిల్లలకు అందేలా చేశాడు. 2020లో అతనికి ప్రపంచ ఉపాధ్యాయ బహుమతి లభించింది. పది లక్షల డాలర్ల ఆ బహుమతిలో సగాన్ని తనతో పాటు తుది జాబితాలో నిలిచిన మిగిలిన తొమ్మిదిమందికి పంచి ఇచ్చాడు.

ఒక్కొక్క బడి పిల్లల అవసరం ఒక్కొక్క విధంగా ఉంటుంది. దూరాన కూర్చుని రాసిన పుస్తకం ఆ అవసరాలన్నింటినీ తీర్చలేదు. నీలం నగర్ పిల్లవాడు 'సాంచా' అంటాడు. పుస్తకం 'మరమగ్గం' అంటుంది. వీధిలో 'యంత్రమాగ్' అని వినిపిస్తుంది. ఒకే మాటకు చోటున్న పుటలో 'సాంచా' తప్పైపోతుంది. నాలుగుసార్లు తప్పు అనిపించుకున్న పిల్లవాడు ఐదవసారి నోరు విప్పడు. అతడు నోరు విప్పకపోతే అతని నానమ్మ మాట కూడా అతనితోనే ఆగిపోతుంది. తెలుగు రాష్ట్రాలకు దూరంగా పెరుగుతున్న మనకు అది చిన్న నష్టం కాదు. మూడు గడులున్న పుటలో మాత్రం ఆ మూడు మాటలూ పక్కపక్కన కూర్చుంటాయి. పిల్లవాడు ఇంటి మాటను వదలకుండానే పుస్తకపు మాటను నేర్చుకుంటాడు.

మూసలన్నీ నిండిన తరువాత ఐదవ స్లైడులను ఒకచోట చేర్చి చూడండి. నలభైమంది నానమ్మలు, తాతలు చెప్పిన నలభై మాటలు మీ ముందు ఉంటాయి. ఆసు పోసిన రోజులు, గంజి పెట్టిన పడుగులు, తునికాకు కత్తిరించిన చేతులు అందులో కనిపిస్తాయి. ఏ పుస్తకంలోనూ అచ్చు కాని సంగతులు వాటిలో ఉంటాయి. వాటిని చెప్పినవారు పెద్దలు, రాసినవారు చిన్నపిల్లలు. మధ్యలో ఖాళీ గడులు గీసి ఇచ్చినవారు మీరు.

కాబట్టి విద్యార్థులారా! మీరు మూస తయారు చేసినప్పుడు ఎన్ని రంగులు వేశామా అని చూసుకోకండి. పిల్లవాడి కోసం ఎంత చోటు విడిచిపెట్టామో చూసుకోండి. పడుగును గట్టిగా, సమంగా కట్టడం మన పని. ఆ తరువాత నాడెను పిల్లల చేతికి ఇవ్వాలి.

అభ్యాసం

1. ఇటుక మూసకూ పిల్లలకిచ్చే మూసకూ గల భేదం ఏమిటి?
2. 'మా ఇంటి మగ్గం' అనే పేరును 'మా ఇంటి పని' అని ఎందుకు మార్చారు? ఆ మార్పు సరైనదేనా? మీ అభిప్రాయం రాయండి.
3. స్కిన్నర్ యంత్రం వల్ల కలిగిన మేలు ఏమిటి? దానిలోని కొరత ఏమిటి?
4. మూసను పరీక్షించేటప్పుడు తయారు చేసినవారు ఎందుకు మౌనంగా ఉండాలి?
5. మీ ఇంట్లో వాడే ఐదు వస్తువుల పేర్లను ఇంటి మాటలోను, పుస్తకపు మాటలోను, మీ ప్రాంతపు భాషలోను రాయండి.
6. ఒకటో తరగతి పిల్లల కోసం 'మా వీధి' అనే పేరుతో నాలుగు పుటల మూసను ముందు కాగితం మీద గీయండి. ఒక పిల్లవాడిచేత నింపించి, అతడు ఎక్కడ ఆగాడో గమనించి, మళ్లీ గీయండి.